కార్యదర్శి, కేరాఫ్ జకర్యా

12 అక్టోబరు 1986, ఆదివారం

ఓడిపోయాను. మేబెల్‌కి పదిహేడు ఓట్లు, నాకు పదకొండు. పదకొండులో ఒకటి నేను వేసుకున్నదే.

బాధ ఏమీ లేదు. ఈ మాట ముందే రాసి పెట్టుకుంటున్నాను, తరవాత నాకే అనుమానం రాకుండా. కార్ఖానా సైకిల్ సంఘానికి పందొమ్మిదేళ్ళు కార్యదర్శిగా చేశాను. జూన్‌లో రైల్వే ఆఫీసు నుంచి రిటైరైన రోజున కూడా, సంఘం ఉంది కదా అనుకుని హాయిగా ఇంటికొచ్చి నిద్రపోయాను. ఇప్పుడు సంఘం మేబెల్ చేతికి వెళ్ళింది. ముప్పయ్యొక్కేళ్ళ పిల్ల, బేగంపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని. చేరి నాలుగేళ్ళయింది. మొదటి రోజు కాళ్ళు అందకపోతే సీటు కిందికి దించింది నేనే.

మొదటి దండ నేనే వేశాను. పెద్ద మనసు అన్నారందరూ. దండకి నా కళ్ళజోడు తగులుకుని దానితోపాటే ఆ అమ్మాయి మెడలోకి వెళ్ళిపోయింది. బంతిపూలలోంచి కళ్ళజోడు వెతికి తీసేదాకా ఫోటో ఆపారు. ఈలా, హాజరు పుస్తకమూ, బీరువా తాళంచెవీ అప్పగించి వచ్చాను.

13 అక్టోబరు

బాధ ఏమీ లేదు.

15 అక్టోబరు, బుధవారం

నాకే ఓటు వేశామని ఇవాళ్టికి పందొమ్మిదిమంది చెప్పారు. షంషీర్ ఇరవయ్యోవాడు. రిపేరు షాపులో చక్రం తిప్పుతూ తల ఎత్తకుండానే చెప్పాడు.

"సాబ్, నేనైతే మీకే వేసిన."

"మరి నాకు వేయనివాళ్ళెవరు?"

"మిగిలినోళ్ళు" అన్నాడు.

ముప్పయ్యేళ్ళ స్నేహం.

19 అక్టోబరు, ఆదివారం

వెళ్ళలేదు. మా గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాను. ఆదివారం సవారీలో సంఘం ఐదూ నలభైకి మా ఇంటి ముందునుంచి వెళ్ళాలి. ఐదూ నలభై ఎనిమిదికి వచ్చారు. ఇద్దరిద్దరుగా రాలేదు, పెళ్ళికి వెళ్ళే జనంలా మాట్లాడుకుంటూ వచ్చారు. ఇద్దరు నవ్వుతున్నారు. జ్ఞానశేఖర్ క్యారియర్‌కి ట్రాన్సిస్టర్ కట్టుకున్నాడు. కమిటీ సభ్యుడు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను.

కాంతమణి తలుపు తీసింది. "ఇంత చలిలో గేటు దగ్గరెందుకు కూర్చున్నారు?"

"పేపరు కోసం."

"పేపరు ఆరున్నరకి కదండీ వచ్చేది."

"ఒక్కోరోజు ముందే వస్తుంది."

నా భార్యకి ఒక మంచి గుణం ఉంది. ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడని తెలిస్తే కాఫీ తెచ్చి ఇస్తుంది. తెచ్చి ఇచ్చింది.

26 అక్టోబరు, ఆదివారం

సంఘం ఇవాళ బేగంపేట వైపు వెళ్ళి రావాలి. నేను వాళ్ళకంటే ముందే బయలుదేరి ఎదురు వద్దామనుకున్నాను. తలెత్తకుండా, బెల్లు కూడా కొట్టకుండా, పక్కనుంచి వెళ్ళిపోవాలని. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఒంటరిగా, నిటారుగా తొక్కుకుంటూ వెళ్ళే మనిషిని చూసి మిగిలిన ఇరవయ్యేడుమందికీ ఏదో ఒకటి అనిపించాలి కదా.

ఎయిర్‌పోర్టు గోడ చివరిదాకా వెళ్ళాను. ఒక్కరూ రాలేదు. దారి మార్చి బొల్లారం వెళ్ళారట. తిరిగి వస్తుంటే వెనక టైరు పంక్చరు. మూడు మైళ్ళు తోసుకుంటూ వచ్చాను.

షంషీర్ ట్యూబు నీళ్ళలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తూ అన్నాడు: "మేబెల్ మేడమ్ పొద్దున అడిగింది సాబ్. జకర్యా అంకుల్ ఎందుకొస్తలేరని."

"నువ్వేం చెప్పావు?"

"పేపర్ జల్ది వస్తుందని చెప్పిన."

ఈ ఊళ్ళో ఒక మాట ఇంట్లో ఉండదు.

28 అక్టోబరు, మంగళవారం

కొత్త సంఘం పెట్టాను. కార్ఖానా పూర్వ సైకిల్ మిత్రుల క్రమశిక్షణా సంఘం. సభ్యులు ఇద్దరు: నేను, షంషీర్. మొదటి సమావేశం వాడి షాపులోనే. అజెండాలో ఏడు అంశాలు. అధ్యక్షుడిగా నన్ను ప్రతిపాదించింది నేను, బలపరిచింది షంషీర్.

"అయితే నువ్వు ఆ సంఘానికి రాజీనామా ఇవ్వాలి" అన్నాను.

"ఎందుకు సాబ్? రెండిట్లనూ ఉంటా. నాకు తక్లీఫేం లేదు."

రెండో అంశం చదువుతుండగా ఎవరిదో ఫ్రీవీల్ పాడై వచ్చింది. షంషీర్ లేచి వెళ్ళిపోయాడు. కోరం లేక సమావేశం వాయిదా పడింది.

30 అక్టోబరు, గురువారం

పోస్టులో ఉత్తరం. పైన, కార్యదర్శి, కార్ఖానా సైకిల్ సంఘం, కేరాఫ్ జకర్యా. పందొమ్మిదేళ్ళుగా సంఘం చిరునామా మా ఇల్లే. అలవాటుగా కవరు చించాను.

నవంబరు 23న కాప్రా చెరువు యాత్ర. సంఘం 1937లో పుట్టినప్పటినుంచి ఏటా జరుగుతోంది, ఇది యాభయ్యోది. తిరుమలగిరి దాటాక కుడివైపు మిలిటరీవాళ్ళ రోడ్డు మీదుగా వెళ్తాం, ఏటా ముందుగా అడిగి అనుమతి తీసుకుంటాం. ఈసారి మేబెల్ అడిగింది, జవాబు ఇది. ఆ ఆదివారం తెల్లవారుజాము ఐదు నుంచి పదిదాకా వాళ్ళ పరుగుపందెం ఉందట. రోడ్డు మూసేస్తారు. వేరే దారిన వెళ్ళమన్నారు. తెలిసీ గుంపుగా గేటు దగ్గరికి వస్తే ఇక ఏ సంవత్సరమూ అనుమతి ఇవ్వరట.

రేపు తీసుకెళ్ళి ఇచ్చేస్తాను.

31 అక్టోబరు

వాన. వెళ్ళలేదు.

1 నవంబరు

నిన్నటిది వాన అనడానికి లేదు, తుంపర. ఇవాళ అదీ లేదు. ఇవాళ మోకాలు నొప్పి.

4 నవంబరు, మంగళవారం

ఆలోచిస్తే నాకొకటి తోచింది. నా రోజుల్లో ఉత్తరం కోసం ఎదురుచూస్తూ కూర్చునేవాణ్ణి కాను. ఆఫీసుకి స్వయంగా వెళ్ళి, బెంచీ మీద కూర్చుని, మనిషిని చూసి మాట్లాడి వచ్చేవాణ్ణి. కొత్తవాళ్ళు కూడా అలా నేర్చుకోవాలి. అన్నీ మనమే చేతికి అందిస్తే ఎప్పటికి నేర్చుకుంటారు?

ఉత్తరం భద్రంగా ఉంది.

10 నవంబరు, సోమవారం

డ్యూటీకి వెళ్తూ మేబెల్ మా గేటు దగ్గర సైకిల్ ఆపింది. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడల్ మీద.

"అంకుల్, రోడ్ పర్మిషన్ లెటర్ మీ అడ్రస్‌కేమైనా వచ్చిందా? ఫోన్ చేస్తే పోస్ట్ చేసేశాం, అందులోనే చూసుకోండి అంటున్నారు."

"చూస్తాను" అన్నాను.

"థాంక్స్ అంకుల్. రాకపోతే ప్రతి ఏడూ వెళ్ళే దారే కదా, వెళ్ళిపోదాం. మీరు వస్తున్నారు కదా ట్వెంటీ థర్డ్‌న? మీరు లేకపోతే బాగుండదు."

నేను అబద్ధం ఆడలేదు. చూస్తానన్నాను. ఆమె వెళ్ళాక లోపలికి వెళ్ళి చూశాను. ఉంది.

బల్ల సొరుగులోనే ఉంటే కాంతమణి సర్దుడులో పోతుందని తీసి పాటల పుస్తకంలో పెట్టాను, 412వ పాట దగ్గర. మా గుడిలో ఆ పాట పాడగా నేను వినలేదు, దాని రాగం పాస్టరుగారికి కూడా రాదు.

16 నవంబరు, ఆదివారం

పాస్టరుగారు సెలవు. ఏలూరు నుంచి ఎవరో కొత్త దైవజనుడు వచ్చాడు. వాక్యం చెప్పడం అయ్యాక చేతులు జోడించి, "412వ కీర్తన పాడి దేవుణ్ణి స్తుతిద్దాం" అన్నాడు.

పుస్తకం ఆడవాళ్ళ వైపు కాంతమణి దగ్గర ఉంది. నేను మగవాళ్ళ వైపు మూడో వరసలో. ఆమె వేలు తడుపుకుని పేజీలు తిప్పడం చూస్తూనే ఉన్నాను. ఉత్తరం ఒళ్ళో పడింది. తీసింది. అందరూ మొదటి చరణం పాడుతున్నంతసేపూ దాన్ని చదివింది. రెండో చరణంలో కవరు తిప్పి తారీఖు ముద్ర చూసింది. మడిచి మళ్ళీ పుస్తకంలో పెట్టి మూడో చరణం గట్టిగా పాడింది. రాగం తెలియని పాట అంత గట్టిగా పాడగా నేనెప్పుడూ వినలేదు.

దారిలో అడిగింది. "ఆ ఉత్తరం ఎవరికండీ?"

"కార్యదర్శికి."

"కార్యదర్శి ఎవరు?"

మా వీధి మలుపుదాకా నడిచాం. అక్కడ చెప్పు సరిచేసుకోవడానికి వంగాను.

18 నవంబరు

కాఫీ తెచ్చి ఇవ్వడం మానేసింది. కాఫీ ఉంటుంది, గ్లాసుమీద మూత వేసి వంటింట్లో. వెళ్ళి తెచ్చుకోవాలి.

20 నవంబరు

శనివారం ఇచ్చేస్తాను. తప్పకుండా.

22 నవంబరు, శనివారం

ఉత్తరం జేబులో పెట్టుకుని సాయంత్రం నాలుగింటికి మేబెల్ ఇంటికి వెళ్ళాను. తలుపు తీయగానే చేతిలో పెట్టేసి, పొరపాటున వేరే కాగితాల్లో కలిసిపోయిందమ్మా అని చెప్పి వచ్చేయాలని దారంతా సాధన చేశాను.

తలుపు తీసింది ఆమె తల్లి ఆలిస్. నన్ను చూసి లోపలికి తిరిగి అందరికీ వినపడేలా చెప్పింది. "వచ్చారమ్మా. నేను చెప్పలేదూ, జకర్యాగారు రాకుండా ఉండరని?"

ముందుగదిలో పదిమంది ఉన్నారు. ఒకరు నంబరు గుడ్డలకి తాడు కుడుతున్నారు, ఇద్దరు నిమ్మకాయలు లెక్కపెడుతున్నారు, షంషీర్ ఒక మూల పంపులకి నూనె వేస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. జ్ఞానశేఖర్ కూడా. మేబెల్ కుర్చీ తెచ్చి వేసింది. ప్లేటులో కేకు పెట్టారు. నోట్లో కేకు ఉండగా ఉత్తరం సంగతి ఎలా చెప్తాను?

కేకు అయిపోయేసరికి మేబెల్ అట్టలూ ఎర్రరంగు డబ్బా తెచ్చింది. "అంకుల్, దారి పొడుగునా పెట్టడానికి బాణం గుర్తులు రాయాలి. మీ హ్యాండ్‌రైటింగ్ అంత నీట్‌గా ఎవరికీ రాదు."

పద్నాలుగు బాణాలు రాశాను. బాణం పక్కన 'కాప్రా' అని. తిరుమలగిరి చీలిక దగ్గర పెట్టేది అన్నిటికంటే పెద్దది, కుడివైపుకి. మూసేసే రోడ్డుకి. జేబులో ఉత్తరం, చేతిలో కుంచె. అంచులు ఎక్కడా చెదరలేదు. ఎంత బాగా కుదిరాయంటే ఆలిస్ పక్కింటివాళ్ళని పిలిచి చూపించింది.

ఇంటికి వచ్చాను. వేళ్ళకి ఎర్రరంగు. కాంతమణి వేళ్ళు చూసింది, జేబు చూసింది. కిరసనాయిలు గుడ్డ తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళింది.

23 నవంబరు, ఆదివారం, ఉదయం 4:50

వెళ్తున్నాను. లేచేసరికి సైకిల్ గేటు బయట ఉంది. సీసాలో నీళ్ళు నింపి ఉన్నాయి. ఆమె నిద్రపోతున్నట్టు పడుకుని ఉంది.

అదే రోజు, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఐదున్నరకల్లా తిరుమలగిరి చీలిక దగ్గర ఉన్నాను. స్తంభానికి నా బాణం కట్టి ఉంది. తీసేద్దామని చూస్తే షంషీర్ కట్టిన ముడి, రాలేదు. సరేనని దాని కిందే నిలబడ్డాను. ఆరింటికి వాళ్ళు కనిపించారు. నలభై ఆరుమంది, చుట్టాలతో స్నేహితులతో కలిపి. ఇద్దరిద్దరుగా, చక్కగా వస్తున్నారు. ముందు మేబెల్.

నేను రోడ్డు మధ్యకి వెళ్ళి రెండు చేతులూ ఎడమవైపుకి చాపాను. "ఇటు. ఈ రోడ్డు మూసేశారు. ఇటు వెళ్ళండి."

అందరూ ఆగారు. ఎవరూ ఎడమకి తిరగలేదు. జ్ఞానశేఖర్ ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి నా తలపైకి చూశాడు.

"సార్, బాణం అటుంది. రాసింది మీరే కదా."

"నేనే. అయినా ఇటు వెళ్ళండి."

"పోనీలెండి సార్, ఎలక్షన్ అయిపోయింది. ఇవాళైనా మమ్మల్ని పోనివ్వండి."

వెనక ఎవరో నవ్వారు. వాళ్ళందరూ అనుకున్నది ఒకటే: ముసలాయన కుళ్ళుతో తప్పుదారి పట్టిస్తున్నాడని. అది నిజం కాదని చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఆ ఉత్తరం ఒక్కటే. అది చూపిస్తే అంతకంటే పెద్ద నిజం బయటికి వస్తుంది. ఇద్దరు కుడివైపుకి పెడల్ మీద కాలు వేశారు. అటు రెండు ఫర్లాంగుల దూరంలో గేటు. ఉత్తరం తీసి మేబెల్‌కి ఇచ్చాను.

చదివింది. కవరు తిప్పింది. నేను గుడిలో చూసిన వరసే.

"ఇది ఎప్పుడొచ్చింది అంకుల్?"

నాలుగు జవాబులు తయారుగా ఉన్నాయి. నిన్న సాయంత్రం వచ్చింది, పోస్టుమాన్ పక్కింట్లో పడేశాడు, పోస్టాఫీసులో ఆలస్యమైంది, కాంతమణి ఎక్కడో పెట్టి మరిచిపోయింది. నాలుగోది మనసులోకి వచ్చినందుకు సిగ్గేసింది.

"అక్టోబరు ముప్పయ్యో తారీఖున" అన్నాను. "నువ్వు అడిగిన రోజున ఇంట్లోనే ఉంది."

షంషీర్ వంగి తన చైను చూసుకోవడం మొదలుపెట్టాడు. దానికేమీ కాలేదు. మేబెల్ ముఖం ఎర్రబడింది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండుననీ అనుకున్నాను. వెనక్కి తిరిగి ఈల ఊదింది.

"ఎడమకి. అందరూ ఎడమకి. జ్ఞానశేఖర్‌గారూ, ముందు మీరు వెళ్ళండి."

నలభై ఆరుమంది నా పక్కనుంచి వెళ్ళారు. ఆఖరున ఆమె నా దగ్గర ఆగింది.

"వెనక రోసమ్మగారని ఒకావిడ వస్తున్నారు. కొత్తగా చేరారు, బాగా స్లో. బాణం చూసి గేటుకి వెళ్ళిపోతారు. ఆవిడ వచ్చేదాకా ఉండి తీసుకురండి. మిగిలింది తరవాత మాట్లాడదాం." ఈసారి అంకుల్ అనలేదు.

ఇరవై నిమిషాలు నిలబడ్డాను. అప్పుడు వచ్చింది రోసమ్మ. యాభై ఏళ్ళుంటాయి, ఏదో ఆసుపత్రిలో ఆయా. పాత లేడీస్ సైకిల్, చీరకొంగు నడుంచుట్టూ బిగించి ఉంది. నన్ను చూసి ఆగాలనుకుంది. ఆగడం ఇంకా సరిగా రాదు, నా బాణం ఉన్న స్తంభాన్ని పట్టుకుని ఆగింది.

"అందరూ పోయిండ్రా సార్?"

"పోయారు. దారి ఇటు. నేను మీతో వస్తాను."

"మీరు సుత ఎన్కవడ్డరా? మంచిగైంది. ఒక్కదాన్నే అని జెర పరేషానైన."

ఎక్కడానికి ఆమెకి ఎత్తు కావాలి. మైలురాయి పక్కకి సైకిల్ తోసుకెళ్ళి, రాయి మీద కాలు పెట్టి, ప్రభువా అని ఎక్కుతుంది. దిగిన ప్రతిసారీ ఇంకో రాయి వెతకాలి. కుక్క కనిపిస్తే దిగుతుంది. లారీ వినిపిస్తే, అది కనిపించకముందే దిగుతుంది. నడిచేవాళ్ళు మమ్మల్ని దాటి వెళ్ళారు. పాలక్యాన్ల సైకిలతను దాటి వెళ్ళి, పాలు పోసి, తిరిగి ఎదురొచ్చాడు.

"కొత్తగ చేరిండ్రా సార్?" అని అడిగింది ఒక రాయి దగ్గర.

"పందొమ్మిదేళ్ళు దాటింది."

ఆమె సైకిల్ పట్టుకుని నన్ను నిజమైన జాలితో చూసింది. "పందొమ్మిదేండ్లాయె, ఇంకా గిట్ల ఎన్కనే ఉన్నరా?"

నేను రోడ్డు పక్కన కూర్చుని నవ్వాను. నవ్వు ఆగలేదు. ఎందుకో తెలియక ఆమె కూడా నవ్వింది, తరవాత నీళ్ళు తాగించింది.

తొమ్మిదీ పదికి కాప్రా చెరువు చేరాం. అందరూ ఉప్మా తిని గట్టుమీద కూర్చుని ఉన్నారు. మా ఇద్దరికీ ఆకుల్లో ఉంచి మూత పెట్టారు. రోసమ్మని చూసి చప్పట్లు కొట్టారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. ఉప్మా చల్లారిపోయింది, అయినా మొత్తం తిన్నాను.

24 నవంబరు

కాంతమణికి అంతా చెప్పాను. ముందే తెలుసు అంది. షంషీర్ వచ్చి వెళ్ళాడట.

26 నవంబరు, బుధవారం

సాయంత్రం కమిటీ. షంషీర్‌తో కలిపి ఐదుగురు ఒకవైపు, నేను ఒకవైపు. నన్ను సభ్యత్వంలోంచి తీసేయాలని జ్ఞానశేఖర్ కాగితం చదివాడు. బాగా రాశాడు, ఒక్క అక్షరదోషం తప్ప. చెప్పలేదు.

"మీరేమైనా చెప్తారా?" అంది మేబెల్.

నాలుగు పేజీలు రాసుకెళ్ళాను. మొదటి పేజీ అంతా 1967 నుంచి సంఘానికి నేను చేసిన సేవ. సగం చదివేసరికి నా గొంతు నాకే విసుగు పుట్టించింది. మడిచేశాను.

"యాత్ర చెడిపోవాలనుకున్నాను" అన్నాను. "చెడిపోతే మీరందరూ మా ఇంటికి వచ్చి, మీరు లేకపోతే కుదరదండీ అంటారనుకున్నాను. అంతకంటే ఏమీ లేదు. తీసేసినా తప్పులేదు."

షంషీర్ గొంతు సవరించుకున్నాడు. "సాబ్ ఆఖరుకి అయితే వచ్చిండు గదా. రాకుంటే మనం గేటు కాడ ఉందుము."

"తెచ్చిందీ ఆయనే, దాచిందీ ఆయనే" అన్నాడు జ్ఞానశేఖర్. అదీ నిజమే.

మేబెల్ నావైపు తిరిగింది. "మీరు ఆ లెటర్ నాకివ్వలేదని కాదు అంకుల్ నా కోపం. శనివారం మా ఇంట్లో కూర్చుని పద్నాలుగు బాణాలు రాశారు. మా అమ్మ కేకు పెట్టింది. అదే నాకు అర్థం కావట్లేదు."

"నాకూ అర్థం కావట్లేదమ్మా" అన్నాను.

చేతులెత్తారు. ఉండనివ్వాలని ముగ్గురు, వద్దని ఇద్దరు. మేబెల్ ఎటు ఎత్తిందో రాయను. రెండేళ్ళదాకా ఏ పదవికీ నిలబడకూడదు. సంఘం చిరునామా రేపటినుంచి మేబెల్ ఇల్లు.

లేవబోతుంటే మేబెల్ అంది. "ఇంకొకటి. రోసమ్మగారు కబురు పంపారు. వచ్చే ఆదివారం కూడా ఆ ఎన్కాలి సారు ఉంటేనే వస్తారట. మీ పేరు ఆవిడకి తెలియదు."

ఎన్నిక లేకుండా, పోటీ లేకుండా, ఒక మనిషి నన్ను కోరుకోవడం ఇదే మొదటిసారి. ఒప్పుకున్నాను.

30 నవంబరు, ఆదివారం

బొల్లారం. మేమిద్దరం ఆఖరు. రోసమ్మ నాలుగుసార్లే దిగింది. ముందున్నవాళ్ళు ఎప్పుడో కనుమరుగైపోయారు.

నాలుగోసారి దిగింది గొర్రెల మందకి. మంద పోయాక చుట్టూ చూస్తే ఒక్క రాయీ లేదు, గట్టు లేదు, రెండువైపులా చదునైన పొలం. నేను సైకిల్ పట్టుకుంటాను, ఎక్కండి అన్నాను. వద్దంది. కొంగు మళ్ళీ బిగించుకుంది. ఒక కాలు పెడల్ మీద పెట్టి, రెండో కాలితో నేలని మూడుసార్లు తన్ని, ప్రభువా అనడం కూడా మరిచిపోయి సీటు మీదికి వెళ్ళిపోయింది. సైకిల్ అటూ ఇటూ ఊగి రోడ్డుకి అడ్డంగా పోయి నిటారుగా నిలిచింది. నేను అక్కడే నోరు తెరుచుకుని నిలబడ్డాను.

యాభై గజాలు పోయాక ఆగింది. తిరిగి చూసి అరిచింది. "సార్, చూసిండ్రా లేదా?"

జవాబు చెప్పేలోపే దిగి, సైకిల్ తిప్పుకుని, నావైపుకి మళ్ళీ మొదటినుంచి ఎక్కింది.

చూశానని చెప్పాను.